ఆరు రోజుల చల్లదనం

ఉదయం పదకొండూ ఇరవైకి ఎదురు హోటలు నుంచి రెండు గ్లాసుల టీ పట్టుకుని రోడ్డు దాటాను. టీ తేవడం మా ఇద్దరికీ వంతు. ఆ రోజు నాది. మే నెల. గ్లాసులు షెడ్డులో బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగేసరికి గుమ్మం ముందు ఒక తెల్ల కారు ఆగి ఉంది. నాలుగు అద్దాలూ దించి ఉన్నాయి. మా దగ్గరికి వచ్చే కార్లు చాలావరకు అలాగే వచ్చేవి. ఏసీ పనిచేయని కారులో అద్దాలు ఎక్కించుకుని ఎవరూ కూర్చోరు.

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ వెళ్లే రోడ్డు మీద మా షెడ్డు ఉండేది. ముప్పై ఒక్క ఏళ్లు అక్కడ కార్ల ఏసీలు బాగుచేశాను. ఇప్పుడు ఆ చోట పోటీ పరీక్షల పుస్తకాలు అమ్ముతున్నారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎవరైనా చదువుతారేమోనని ఇది రాస్తున్నాను. ఇందులో నేర్చుకోదగిన మెళకువ ఏమీ లేదు. ఒక తప్పు ఉంది. పేర్లు రాయడం లేదు. ఉన్నవాళ్లకు ఇబ్బంది. లేనివాళ్లను అడిగే వీలు లేదు.

షెడ్డులో మేము ఇద్దరమే. రెండో మనిషి నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద, ముషీరాబాద్‌లో పుట్టి పెరిగినవాడు. చిన్నప్పుడే పానా పట్టుకుని, ఒక ఉస్తాద్ దగ్గర తిట్లు తిని పని నేర్చుకున్నాడు. నేను ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ని. ఇక్కడా అన్న అనే రాస్తాను. నేను డిప్లొమా చదివి, పుస్తకాల్లో చూసి నేర్చుకున్నవాణ్ని. మధ్యాహ్నం అన్నం తిన్నాక లైబ్రరీకి వెళ్లి ఓ గంట కూర్చునే అలవాటు ఉండేది. అందుకని అన్న నన్ను పంతులూ అనేవాడు.

మా గోడ మీద ఒక బోర్డు ఉండేది. 'వంట గ్యాసు ఇక్కడ నింపబడదు' అని నేనే రంగుతో రాసి పెట్టాను. దానికి కారణం చెప్పాలి.

పాతికేళ్ల కిందటి కార్లలో ఏసీకి ఒక రకం గ్యాసు ఉండేది. అది ఆకాశానికి చేటని తేలి దాని తయారీ ఆపేశారు. తర్వాత వేరే గ్యాసు వచ్చింది. పాత కారులో కొత్త గ్యాసు ఊరికే నింపితే పనిచేయదు. లోపలి నూనె దానితో కలవదు. నూనె అందక కంప్రెసర్ పట్టేస్తుంది. కాబట్టి నూనె అంతా తీసి, పైపులు కడిగి, రబ్బరు రింగులు మార్చి, తేమ పీల్చే డ్రయ్యరు మార్చి, వీలైతే ముందుండే కండెన్సర్ కూడా పెద్దది వేసి, అప్పుడు నింపాలి. ఇదంతా చేయలేక చాలామంది ఒక అడ్డదారి పట్టారు. వంట గ్యాసు నింపేవారు. పాత నూనెతో అది చక్కగా కలిసిపోతుంది. ఏదీ మార్చక్కర్లేదు. చల్లదనం అసలు గ్యాసు కన్నా బాగుంటుంది. ఉన్న చిక్కల్లా అది మండుతుందన్నదే. కారితే కారు లోపల మనిషి కూర్చునే చోటికే రావచ్చు. నేను ఈ సంగతి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ని. అడగనివాళ్లకూ చెప్పేవాణ్ని.

అన్న ఆ బోర్డు చూసి నవ్వేవాడు. "ఇది ఏసీ దుకాణమా, గుడా పంతులూ? రూలు రాసి పెట్టినవ్. చెప్పులు గూడ బయట ఇడువమని రాయి."

ఆ రోజు అన్న టీ తాగి, తెల్ల కారును ఒకసారి చూసి, "పాత గ్యాసు బండి. నువ్వు జూస్కో" అని చెప్పి గాంధీనగర్‌లో వేరే కారు చూడడానికి వెళ్లిపోయాడు.

కారు నడుపుతూ వచ్చినావిడకు అరవై దాటి ఉంటాయి. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పక్క సీట్లో ఆమె భర్త. ఆయన ముఖం కందిపోయి ఉంది. మెడ కింద తువ్వాలు తడిసిపోయింది. కుడి కాలి చెప్పు జారి కింద పడి ఉంది. దాన్ని మళ్లీ తొడుక్కోవాలని ఆయన కాలు కదపబోవడం, కాలు కదలకపోవడం చూశాను.

"ఏమండీ, చల్లగాలి రావడం లేదు. నెలైంది. చూస్తారా?" అన్నారావిడ.

"దీనికి పాత గ్యాసమ్మా. ఇప్పుడు దొరకదు. మార్చాలి."

"మార్చేది గ్యాసేనా, ఇంకేమైనానా?" అన్నాడాయన లోపలి నుంచి. "ముందే చెప్పండి. మా ఆవిడ ఈ మధ్య పాతబడినవన్నీ మార్చేస్తోంది. నాకు భయంగా ఉంది."

"మీరు ఊరుకోండి."

"కాళ్లు సమ్మెలో ఉన్నాయండీ" అన్నాడాయన నాతో. "వేడెక్కితే సమ్మె. చల్లబడితే మళ్లీ డ్యూటీకి వస్తాయి. ముప్పై నాలుగేళ్లు ఆఫీసులో యూనియన్ నడిపాను. ఆ పాపం."

ఆవిడ పక్కకు వచ్చి మెల్లిగా చెప్పారు. నరాల జబ్బు. చలికాలం చివర ఒకసారి బాగా ముదిరింది. నారాయణగూడలో రోజూ పది గంటలకు వ్యాయామం చేయిస్తారు. మొదటి మూడు నెలల్లో కాళ్లకు ఎంత తిరిగి వస్తే అంతే, ఆ తర్వాత పెద్దగా రాదని డాక్టరు చెప్పాడు. రెండు నెలలు అయిపోయాయి. ఇంటి నుంచి అక్కడికి వెళ్లేసరికి ఈ ఎండకు ఆయన ఒళ్లు వేడెక్కిపోతుంది. కాళ్లు మాట వినవు. "నిన్న చేయించలేమని పంపించేశారు. ఇవాళా అంతే."

"క్యాబ్‌లో తీసుకెళ్లకూడదా అమ్మా?"

"ఎక్కించేది ఎవరండీ? నేనొక్కదాన్నే. ఈ కారు సీటూ ఆయన చక్రాల కుర్చీ ఒకే ఎత్తు. మధ్యలో చెక్క వేసి జరుపుతాను. కొత్త కార్లు నాలుగు చూశాను. ఒకటి ఎత్తు, ఒకటి లోతు. ఇది తప్ప ఏదీ కుదరలేదు."

బానెట్టు ఎత్తి చూశాను. పైపులు, రింగులు మా దగ్గరే ఉన్నాయి. ఆ కారుకు సరిపోయే కండెన్సర్, డ్రయ్యరు ఊళ్లో లేవు. రెండు మూడు చోట్లకు ఫోను చేశాను. బయటి నుంచి రావాలి. పది రోజులు పడుతుందన్నారు.

ఆ మాటే ఆవిడతో చెప్పాను.

"పది రోజులా" అన్నారు. ఇంకేమీ అనలేదు. బతిమాలి ఉంటే కుదరదని చెప్పి ఉండేవాణ్నేమో. ఆవిడ వంగి ఆయన కాలికి చెప్పు తొడిగారు.

పైపులు అతికించడానికి వాడే చిన్న వంట గ్యాసు సిలిండరు షెడ్డులో ఉండేది. ఒక గంటలో నింపేశాను. ఎంత నింపాలో, ఎలా నింపాలో నాకు తెలుసు. వద్దని చెప్పడానికే అంత వివరంగా తెలుసుకున్నాను. అద్దాలు ఎక్కించి ఇంజను నడిపితే రెండు నిమిషాల్లో చల్లగాలి వచ్చింది. ఆయన గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. పది నిమిషాల తర్వాత నన్ను పిలిచి కాలివేళ్లు చూపించాడు. కొంచెం కదులుతున్నాయి.

"ఇదిగో, వీళ్లు డ్యూటీలో చేరారు. మిగతావాళ్లు చర్చల్లో ఉన్నారు."

"ఏ గ్యాసండీ ఇది?" అని అడిగారావిడ.

"వేరే గ్యాసు అమ్మా. తాత్కాలికం. సామాను రాగానే సరిగ్గా చేస్తాను. చల్లదనం తగ్గితే నాకే ఫోను చేయండి. ఇంకెవరికీ చూపించకండి."

అందులో అబద్ధం లేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. గ్యాసు నింపే మూత మీద రంగు చుక్క పెట్టేవాళ్లం. పాత గ్యాసుకు పసుపు, కొత్త గ్యాసుకు నీలం. ఎవరు నింపినా, ఎన్నేళ్ల తర్వాత కారు వచ్చినా, చుక్క చూస్తే లోపల ఏముందో రెండోవాడికి తెలియాలి. ఈ పద్ధతి పెట్టింది అన్న. ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాడు. వంట గ్యాసుకు మా దగ్గర రంగు లేదు. మేము అది నింపం కదా. ఆ కారు మూత మీద ఏ కాలంలోనో మా ఇద్దరిలో ఎవరో పెట్టిన పసుపు చుక్క ఉంది. దాన్ని గోటితో గీకేసినా సరిపోయేది. చుక్క లేని మూత కనిపిస్తే అన్న ఆగి అడిగేవాడు. గోరు చుక్క దాకా తీసుకెళ్లాను. గీకలేదు. గీకితే అన్న అడుగుతాడు. అడిగితే గోడ మీద బోర్డు కింద నిలబడి చెప్పాలి.

ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. కరోనా వచ్చి తగ్గాక అన్నకు వాసన తెలియడం పోయింది. ఇంట్లో కూర మాడినా తినేసేవాడు. "ఒక్కటే ఫాయిదా పంతులూ, ఎండకాలంల నీ పక్కన నిలబడొచ్చు" అనేవాడు. వంట గ్యాసు కారితే ముక్కున్న ఏ మెకానిక్కుకైనా తెలుస్తుంది. ఆయనకు తెలియదు.

ఆ సాయంత్రం అన్న వచ్చాక, తెల్ల కారు సంగతి ఏమైందని అడిగాడు. సామానుకు చెప్పాను, పది రోజులని చెప్పాను. అదీ నిజమే.

మూడో రోజు ఆవిడ ఫోను చేశారు. "ఇవాళ కడ్డీలు పట్టుకుని ఆరు అడుగులు వేశారండీ. మీకు చెప్పమన్నారు" అన్నారు. నాకు సంతోషం కలిగింది. చేసిన పని సరైనదేనని ఆ రోజంతా అనుకున్నాను. ఈ వాక్యం కొట్టేద్దామనుకుని ఉంచాను.

ఆరో రోజు సామాను అనుకున్నదాని కన్నా ముందే వచ్చింది. నారాయణగూడలో పార్శిల్ ఆఫీసుకు వెళ్లి తెచ్చుకోవాలి. పొద్దున్నే వెళ్లాను. రసీదులు, వరుస, ఆలస్యం. అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని ఆటోలో తిరిగి వచ్చేసరికి పదకొండున్నర దాటింది. ఫోను జేబులో రెండుసార్లు మోగింది. పెట్టె పట్టుకుని ఉన్నానని తీయలేదు. ఆటో షెడ్డుకు ఎదురుగా, హోటలు వైపు ఆగింది.

అవతల షెడ్డు ముందు తెల్ల కారు ఉంది.

అక్కడ అప్పటికి జరిగింది తర్వాత తెలిసింది. పొద్దుటి నుంచి చల్లదనం తగ్గింది. కారులో ఏదో కుళ్లిన వాసన వస్తోంది. ఆవిడ ఇంటికి వెళ్లేదారిలో నాకు ఫోను చేసి, నేను తీయకపోతే నేరుగా షెడ్డుకు వచ్చారు. అన్న చూశాడు.

"ఎలుక దూరి సచ్చింటదమ్మా. ఎండకాలంల దూర్తయి. నాకు ముక్కు పనిచేస్తలేదు గనీ, బ్లోయర్ల చూస్త. ముందుగాల గ్యాసు ఏడ కార్తుందో జూడనీ."

"ఆయనకే చూపించమన్నారండీ."

"పంతులు వచ్చేదాక సారును గిట్ల ఎండల కూసోబెడ్తమా? నేను జూస్త తీయుండ్రి."

బానెట్టు ఎత్తాడు. పసుపు చుక్క చూశాడు. బత్తి తీశాడు.

బత్తి అంటే లీకు పట్టే దీపం. ఇత్తడిది. ఉస్తాద్ ఆయనకిచ్చింది. చిన్న మంట, దాని లోపల రాగి ముక్క, పక్కన ఒక సన్నటి రబ్బరు గొట్టం. మంట వెలిగించి గొట్టం కొసను పైపుల వెంట తిప్పాలి. పాత గ్యాసు కొంచెం కారుతున్నా గొట్టంలోకి వెళ్లి మంట ఆకుపచ్చగా మారుతుంది. కొత్త గ్యాసుకు మారదు. అందుకని దాన్ని పసుపు చుక్క కార్లకు మాత్రమే తీసేవాడు. నేను బ్యాటరీ యంత్రం ఒకటి కొని పెట్టాను. "అది ఎవర్ని జూసినా టిక్ టిక్ అంటది. బత్తి అబద్ధం చెప్పదు" అని దాన్ని పక్కన పడేశాడు.

నేను రోడ్డు ఇవతల నుంచి చూసినప్పుడు, ముందు తలుపు తెరిచి ఉంది. ఆ పెద్దమనిషి సీట్లోనే ఉన్నాడు, మెడ మీద తువ్వాలుతో. ఆయన్ని దించడం పెద్ద పని కాబట్టి దించలేదు. ఆవిడ వెనక నిలబడి గొడుగు పట్టారు. అన్న ఎడమ చేతిలో వెలిగించిన బత్తి, కుడి చేతిలో గొట్టం. తలుపు దగ్గర వంగుతున్నాడు.

"అన్నా!" అని అరిచాను.

చూశాడు.

"ఫోనొచ్చింది నీకు. జర ఇటు రా."

"ఎవలు?"

"ఇంటి నుంచి."

"నువ్వే మాట్లాడు. ఇది జూసి వస్త" అని మళ్లీ వంగాడు.

అప్పుడు ఒక నీళ్ల ట్యాంకరు మా మధ్య నుంచి వెళ్లింది. ట్యాంకరు అడ్డం వచ్చింది కాబట్టి చెప్పలేకపోయానని తర్వాత కొన్నాళ్లు అనుకున్నాను. ట్యాంకరు రాకముందే అన్న చేతిలో మంట చూశాను. రాకముందే నోరు తెరిచాను. అప్పుడు వచ్చిన మాట ఫోనొచ్చిందని. హోటలు ముందు జనం ఉన్నారు, టీ తాగుతూ పుస్తకాలు పట్టుకున్న పరీక్షల కుర్రాళ్లు ఉన్నారు, ఆవిడ ఉన్నారు, వెనక గోడ మీద బోర్డు ఉంది. ఆయన ఇవతలికి వస్తే చెవిలో చెప్పవచ్చనుకున్నాను.

ట్యాంకరు దాటాక గొట్టం కొస డ్యాష్‌బోర్డు దగ్గర ఉంది. బత్తి ఆ పెద్దమనిషి మోకాళ్ల దగ్గర ఉంది.

"అన్నా, బత్తి ఆర్పెయ్! అందులో వంట గ్యాసుంది! నేనే పోసిన!"

అన్న కంగారు పడలేదు. బత్తిని చేతిలోంచి వదలలేదు. వెనక్కి ఒక అడుగు వేసి, చెయ్యి కారుకు దూరంగా చాపి, మర తిప్పి ఆర్పాడు. షెడ్డు వెనక్కి తీసుకెళ్లి పెట్టి వచ్చాడు. "అమ్మా, జర పక్కకు జరుగుండ్రి" అని, ఆ పెద్దమనిషి చంకల కింద చేతులు వేసి ఒక్కడే ఎత్తి బయటికి తెచ్చాడు. నేను పెట్టె రోడ్డు మీదే వదిలేసి పరుగెత్తి కాళ్లు పట్టుకున్నాను.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కూలర్ ఆయన వైపు తిప్పాము. హోటలాయన రోడ్డు దాటి నా పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. గోడ వైపు చూసి, "పంతులు గారూ, బోర్డు మీద ఏదో రాసి ఉంది గదా" అని వెళ్లిపోయాడు.

"మీకు తెలిసే పోశారా?" అన్నారావిడ.

"తెలిసే అమ్మా."

"నాకు చెప్పాల్సింది."

"చెబితే మీరు వద్దనేవారు."

ఆవిడ ఆలోచించారు. "అననేమో" అన్నారు. "అయినా చెప్పాల్సింది."

ఆయన అన్నను ఆ మంట దేనికని అడిగాడు. అన్న చెప్పాడు. ఆయన కాసేపు కూలర్ వైపు చూశాడు. "అంటే ఆరు రోజులు బాంబు మీద కూర్చుని వ్యాయామానికి వెళ్లాను" అన్నాడు. కొంచెం ఆగి, "వెళ్లడం బాగానే వెళ్లాను" అన్నాడు.

క్యాబ్ పిలిచాము. అన్న ఆయన్ని ఎత్తి అందులో కూర్చోబెట్టి, తానూ ముందు ఎక్కి అశోక్‌నగర్ దాకా వెళ్లి ఇంట్లో దించి వచ్చాడు. వెళ్లేముందు ఆవిడతో, "రేపు తొమ్మిదిన్నరకు వస్త అమ్మా. బండి అయ్యేదాక పొద్దున నేనే ఎక్కిస్త, నేనే దించుత. మీరు పరేషాన్ కాకుండ్రి" అన్నాడు.

ఇది రాస్తున్నది ఈ మాట కోసమే. మొదటి రోజు మేము చేయవలసింది ఇదే. పొద్దున ఒకసారి వెళ్లి మనిషిని ఎత్తి చల్లటి కారులో కూర్చోబెట్టడం, మళ్లీ దించడం. పది రోజులు. మా షెడ్డు నుంచి వాళ్లిల్లు నడిచి వెళ్లే దూరం. నాకు తట్టలేదు. కారు వచ్చింది కాబట్టి కారు గురించే ఆలోచించాను. అన్నకు ఒక నిమిషం కూడా పట్టలేదు.

కారును ఆరుబయటికి నెట్టి, తలుపులన్నీ తీసి, ఉన్న గ్యాసు మెల్లిగా వదిలేశాము. పని రెండు రోజులు పట్టింది. పాత నూనె చుక్క చుక్కగా తీశాము. పైపులు కడిగాము. రింగులు ఒక్కొక్కటీ మార్చాము. లీకు ఎక్కడో దొరికింది. డ్యాష్‌బోర్డు లోపల పావలా బిళ్లంత కూడా లేని ఒక రబ్బరు రింగు ఎండి పగిలి ఉంది. ఆయన మోకాళ్లకు జానెడు దూరం. దాన్ని అన్న అరచేతిలో పెట్టుకుని చూసి నా చేతిలో పెట్టాడు.

రెండో రోజు మధ్యాహ్నం పంపు పెట్టి పైపుల్లోని గాలి, తేమ లాగుతున్నాము. అప్పుడు చేయడానికి ఏమీ ఉండదు. పంపు చప్పుడు వింటూ కూర్చోవాలి. అన్న మొదటిసారి మాట్లాడాడు.

"వంట గ్యాసు పోసినవ్, సరే. ఆ సారు కాళ్లు జూసి పోసినవ్. నేనుంటే నేను గూడ పోస్తుంటినేమో."

నేను పంపు గొట్టం సరిచేశాను.

"చుక్క గీకలే. సరే, మర్శినవ్."

"మరవలేదన్నా."

"ఎర్కే. మర్వలేదని నాకెర్కే." గేజీ వైపు చూశాడు. "గనీ ఫోనొచ్చిందన్నవ్ జూడు. ఇంటి నుంచి అన్నవ్. నా చేతిల మంట ఉన్నది. నువ్వు జూస్తున్నవ్. అప్పుడు గూడ నీ నోట్లకు ముందుగాల అబద్ధమే వచ్చింది సారూ."

అన్నేళ్లలో ఆయన నన్ను సారూ అనడం అదే మొదలు. కోపంగా అనలేదు. అలసటగా అన్నాడు. నేను ఏదో అనబోయాను. "జూడు, ముల్లు ఆగింది. పంపు బంద్ చెయ్" అన్నాడు. బంద్ చేశాను.

కొత్త గ్యాసు నింపి, పసుపు చుక్క గీకేసి, నీలం చుక్క పెట్టాను. మూడో రోజు ఆవిడ వచ్చి కారు తీసుకున్నారు. గాలి దగ్గర చెయ్యి పెట్టి చూశారు.

"ఆ ఆరు రోజులు ఉన్నంత చల్లగా లేదు కదండీ."

"ఉండదమ్మా. పాత కారు, కొత్త గ్యాసు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంకొంచెం తగ్గుతుంది. ఆయన ఎక్కే ముందు పది నిమిషాలు నడిపి ఉంచండి."

"సరే" అన్నారు. అన్నకు నమస్కారం చేసి, నాకూ చేసి, వెళ్లిపోయారు.

ఆవిడ మళ్లీ మా షెడ్డుకు రాలేదు. వేసవి చివర్లో ఆయన కర్ర పట్టుకుని ఇంటి మెట్లు దిగుతుండగా చూశానని హోటలాయన చెప్పాడు. అవి ఆ ఆరు రోజుల్లో వచ్చిన అడుగులా, తర్వాత వచ్చినవా అన్నది నాకు తెలియదు. తెలిసినా దానితో నాకు సంబంధం లేదు.

బోర్డు నేనే తీసేశాను. ఎవరూ తీయమనలేదు. అన్న బత్తిని మళ్లీ వెలిగించలేదు. బ్యాటరీ యంత్రాన్ని తిట్టుకుంటూ వాడాడు. మా మధ్య మాటలు ఆగిపోలేదు. టీ వంతులు సాగాయి. ఎండల గురించి, ఆయన మనవరాలి చదువు గురించి, లైబ్రరీలో నేను చదివినదాని గురించి మాట్లాడుకునేవాళ్లం. ఒక్కటి మాత్రం కొత్తగా మొదలైంది. ఏ కారు వచ్చినా, దాని మీద చెయ్యి వేసే ముందు అన్న నా వైపు తిరిగేవాడు.

"దీంట్ల ఏమున్నది సారూ?"

నీలం చుక్క కనిపిస్తున్నా అడిగేవాడు. అంతకు ముందు వారం తానే నింపిన కారుకూ అడిగేవాడు. మొదట్లో ఇది నన్ను పొడవడానికేనని అనుకున్నాను. పొడిచే మనిషి అన్నేళ్లు అడగడు. ఆయనకు ఇక చుక్క చాలదు. నా నోటి నుంచి వినాలి. అంతే. నేను ప్రతిసారీ పూర్తిగా చెప్పేవాణ్ని. ఏ గ్యాసు, ఏ నూనె, ఎవరు నింపారు. తెలియకపోతే తెలియదని చెప్పేవాణ్ని. విని, తల ఊపి, అప్పుడు పానా తీసేవాడు.

పోయిన చలికాలంలో అన్న పోయాడు. గుండె. ఆదివారం ఉదయం, ఇంట్లో. నేను నాలుగు నెలలు ఒక్కణ్నే షెడ్డు నడిపి మూసేశాను. ఆ నాలుగు నెలల్లో పద్దెనిమిదో ఇరవయ్యో కార్లు చూశాను. చేతిలో పనితనం తగ్గలేదు. అన్ని మూతల మీదా చుక్కలు సరిగ్గానే పెట్టాను.

కారులో ఏమున్నదని నన్ను ఇప్పుడు ఎవరూ అడగరు.